రాట్నం తిరిగే ఇంట్లో పిల్లికూన

పొందూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఇంట్లో ఉండేది అత్తగారు, భర్త, ఆరేళ్ల బాబు, తను. అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఖద్దరు నూలు వడుకుతున్నారు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, దూది చేసి, ఏకులు చుట్టి, రాట్నం మీద సన్న నూలు తీస్తారు. వడికిన నూలు చిలపలు (చుట్టలు) ఇచ్చి తెచ్చుకునే డబ్బు ఆవిడ సొంతం.

వానాకాలంలో ఒక రాత్రి పెరట్లో కట్టెల మోపు కింద పిల్లికూన అరుస్తుంటే ఈవిడ వెళ్లి చూశారు. తల్లిపిల్లి కోసం రెండు రోజులు ఎదురుచూసి, రాకపోయేసరికి లోపలికి తెచ్చుకున్నారు. అప్పుడు ఏడు వారాలు ఉండొచ్చు, ఇప్పుడు మూడు నెలలు. బూడిదరంగు మీద నల్లచారలు. ఆడో మగో తెలియదు. పాలు, పాలన్నం పెడుతున్నారు. ఈవిడ ఒళ్లో హాయిగా పడుకుంటుంది. భర్త గొంతు వినిపిస్తే మాత్రం మంచం కిందికి దూరి, ఎంత పిలిచినా రాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి అందరి కాళ్లూ కొరుకుతుంది. ఇసుక టబ్బు పెట్టినా రెండుసార్లు దూది బుట్టలో ఒంటికి పోసింది. రాట్నం తిరుగుతుంటే కదురు మీదికి దూకి నూలు తెంపుతుంది. ఒకరోజు ఆ చేప దవడనే నోట కరుచుకుని బియ్యం డ్రమ్ము వెనక్కి పట్టుకుపోయింది.

"సంకలో పిల్లినెట్టుకుని పెళ్లికెళ్లినట్టుంది నీ యవ్వారం" అంటున్నారట అత్తగారు. పాడుచేసిన చోట మూతి రాసి ఒకటి కొట్టమనీ, వినకపోతే తాడేసి కట్టమనీ ఆవిడ సలహా. పోయిన వారం బాబు తోక పట్టి లాగితే చెయ్యి రక్కింది. నెత్తురు వచ్చింది, పసుపు అద్దారు. అప్పటి నుంచి భర్త "చేపల బజార్లో వదిలేస్తే అదే బతుకుతుంది" అంటున్నారు. దీనికి తోడు ఆడపడుచు తొలి కాన్పుకి వచ్చే నెల పుట్టింటికి వస్తోంది. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో పిల్లి ఉండకూడదని ఇరుగుపొరుగు అంటున్నారు.

ఉత్తరం చివర ఇలా రాశారు: "పిల్లికి ఏమైనా నేర్పగలమా, లేక దాని బుద్ధి అంతేనా? నా ముచ్చట కోసం ఇంటిల్లిపాదినీ ఇబ్బంది పెడుతున్నానేమో అని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు బాబు చెయ్యి.

వారం గడిచింది, గాటు మానిపోయింది అని ఊరుకోకండి. ఈరోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. టీకా వేయని పిల్లి నెత్తురు వచ్చేలా రక్కితే డాక్టర్లు దాన్ని రేబిస్ ప్రమాదంగానే చూస్తారు. ఎన్ని సూదులు వేయాలి, వాటితో పాటు ఇంకేమైనా కావాలా అన్నది వాళ్లే చెబుతారు. ఈ టీకా అక్కడ ఉచితం. పిల్లికూనకు ఏ జబ్బూ లేకపోవచ్చు, కానీ రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందు లేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో "చూద్దాంలే" పనికిరాదు. ఇక మీదట ఎవరికి గాటు పడినా పసుపు, సున్నం, కారం ఏదీ అద్దొద్దు. కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఉత్తరమంతా చదివాక నాకు అనిపించిన మొదటి మాట: మీ అత్తగారి కోపం న్యాయమైనది. అంత సన్నని నూలు తెగితే మళ్లీ అతికి వడకడానికి కళ్లూ నడుమూ ఎంత నొప్పెడతాయో మీకు నాకంటే బాగా తెలుసు. పాడైన దూది అంటే ఆవిడ కూలి పోయినట్టే. ఆ నష్టాన్ని "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అని తేల్చేస్తే పిల్లికూన మీద కోపం మీ మీదికి మళ్లుతుంది. అందుకని పిల్లికి నేర్పడం మొదలుపెట్టేముందు ఆవిడకో మాట ఇవ్వండి: రాట్నం ఉన్న గదిలోకి పిల్లి రాదు. తలుపు లేకపోతే చిన్న గడపమెట్టు, తడిక సరిపోవు, ఈ వయసు పిల్లులు ఎక్కేస్తాయి. దోమల మెష్ బిగించిన తలుపు పెట్టించండి. ఆ ఖర్చు పిల్లి ఖర్చులో భాగం అనుకోండి.

అత్తగారి నూలు కోసమే కాదు, పిల్లికూన ప్రాణం కోసం కూడా ఆ తలుపు కావాలి. పిల్లి నాలుక మీద లోపలికి వంగిన ముళ్లు ఉంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూ పోతుంది. ఆ పోగు ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుంటే, రెండో కొస పేగుల్లోకి జారి వాటిని మడతలు మడతలుగా దగ్గరికి లాగుతుంది, పేగును కోసేస్తుంది కూడా. అప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు. నూలు తెంపినప్పుడు ముక్క ఏమైందో వెతకండి. తిండి మానేసి వాంతులు చేసుకుంటుంటే ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించండి. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగొద్దు. లాగితే లోపల పేగు తెగుతుంది. చేప దవడ కూడా మూత ఉన్న డబ్బాలో పెట్టమని అత్తగారికి చెప్పండి. చేప వాసన తగిలితే పిల్లి వదలదు, ఆ సన్న పళ్ల వరస దాని నోటినీ గాయపరుస్తుంది, ఆవిడ పనిముట్టూ పాడవుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. పిల్లికి నేర్పవచ్చు, కచ్చితంగా నేర్పవచ్చు. అయితే అది కొట్టడం వల్ల నేర్చుకోదు. రోజూ అదే వేళకు అదే పని జరుగుతుంటే దాని ఒళ్లు ఆ వేళలకు అలవాటు పడుతుంది. పసిబిడ్డకు నీళ్లుపోసి, పాలుపట్టి, ఉయ్యాల్లో వేసే వేళలు ఎలా కుదురుస్తారో మీ అత్తగారికి బాగా తెలుసు. ఇదీ అంతే. మూతి రాసి కొట్టారనుకోండి, ఒంటికి పోసినందుకు కొట్టారని దానికి అర్థం కాదు. మనిషి చెయ్యి దగ్గరికి వస్తే నొప్పి అని మాత్రం అర్థమవుతుంది. గదిలో పెట్టి కొడితే పిల్లయినా తిరగబడుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. తాడుతో కట్టడమూ వద్దు. బెదిరి పరుగెత్తితే మెడకు బిగుసుకుంటుంది.

కదురు మీదికి దూకడం దాని అల్లరి అనుకోకండి. చిన్నగా, వేగంగా కదిలేది ఏదైనా దాని కంటికి ఎలుకే. పిల్లి జాతి పొద్దుపొడుపు వేళా, సందెవేళా ఎక్కువ చురుగ్గా ఉంటుంది. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఇదీ దాని వరస. ఈ వరసను మీ ఇంటి వేళలకు సర్దడమే మీరు చేయాల్సిన పని. మూడు నెలల కూన రోజులో 16 గంటలకు పైగానే నిద్రపోతుంది. అందులో ఓ రెండు మూడు గంటలు రాట్నం తిరిగే వేళకు పడేలా చూడండి.

మీ అత్తగారు ఎప్పుడు వడకడానికి కూర్చుంటారో రాయలేదు. పొద్దున్న చద్దన్నమో టిఫినో అయ్యాక అనుకుందాం. దానికి అరగంట ముందు మీరు పిల్లిని వేరే గదిలోకి తీసుకెళ్లి ఒక కర్రకు పాత చీర అంచు ముక్క కట్టి ఆడించండి. దారం కట్టొద్దు, గుడ్డే కట్టండి. నేల మీద ఈడ్చండి, మంచం కోడు వెనక దాచండి, ఆగండి, మళ్లీ కదపండి. పది నిమిషాలు చాలు. చివర్లో దాన్ని పట్టుకోనివ్వండి, పట్టుకోకుండా ఆట ముగిస్తే దానికి కసి తీరదు, మీ కాళ్ల మీద పడుతుంది. వెంటనే తిండి పెట్టండి. తిన్నాక ఇసుక టబ్బులో దింపండి. ఆ తర్వాత అది ముఖం తుడుచుకుని, ఎండ పడే చోట చుట్టుకుని పడుకుంటుంది. అప్పుడు రాట్నం తిరగనివ్వండి. సందెవేళ ఒకసారి, రాత్రి మీరు పడుకునేముందు ఒకసారి ఇదే వరస మళ్లీ. ఆట సామాను అయిపోగానే బీరువాలో పెట్టేయండి.

రాత్రి ఆట, తిండి సరిగ్గా కుదిరితే నాలుగింటి గోల తగ్గుతుంది. కానీ ఒక సంగతి ముందే చెప్పాలి. ఇన్నాళ్లూ అది అరిస్తే ఎవరో ఒకరు లేచి పాలు పోసి ఉంటారు. ఇప్పుడు లేవడం మానేస్తే మొదట్లో ఇంకా గట్టిగా అరుస్తుంది. ఆ కొన్ని రోజులూ తట్టుకోవాలి. నాలుగో రోజు విసుగొచ్చి లేచి పెట్టారంటే, ఎక్కువసేపు అరిస్తే ఫలితం ఉంటుందని దానికి మీరే నేర్పినట్టు. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాకే ఇది మొదలుపెట్టండి. కాళ్లు కొరికితే కాలు లాక్కోకండి. కదలకుండా ఉండి, అది వదిలాక పక్కకు వెళ్లిపోండి. ఇంట్లో ఎవరూ వేళ్లు ఆడించి దాన్ని ఆడించకూడదు. చెయ్యి ఆటవస్తువని ఇప్పుడు నేర్చుకుంటే, పళ్లు మారి పెద్ద కోరలు వచ్చాక కూడా చెయ్యే కొరుకుతుంది.

తిండి మార్చాలి. పిల్లి పాలు తాగుతుందన్నది నిజమే కానీ పాలు విడిచిన కూనలు చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. అన్నం కడుపు నింపుతుంది గానీ బలమివ్వదు. పిల్లి మాంసం మీదే బతికే జంతువు. టారిన్ అనే పోషకం దానికి మాంసం, చేపల నుంచే అందాలి. అది చాలకపోతే కళ్లూ గుండె కండరమూ దెబ్బతింటాయి. పిల్లికూనల కోసమే చేసిన ప్యాకెట్ తిండి మీకు వీలైనంత పెట్టి, మిగతాది ఉడికించిన కోడి మాంసం, గుడ్డు, ముళ్లు తీసిన చేపతో సర్దండి. ఉప్పూ కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర అసలు వద్దు, వాటితో పిల్లుల నెత్తురులోని ఎర్రకణాలు పగిలిపోతాయి. ఎండునెత్తళ్లలో ఉప్పు ఎక్కువ. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

దూది బుట్ట సంగతికి వస్తే, మెత్తగా, గోళ్లతో తవ్వడానికి వీలుగా ఉన్నది ఏదైనా దానికి మరుగుదొడ్డిలాగే కనిపిస్తుంది. టబ్బు ఎక్కడ పెట్టారో రాయలేదు. తిండి గిన్నె పక్కనో, మనుషులు తిరిగే దారిలోనో ఉంటే వాడదు. ఒక మూలగా, చప్పుడు లేని చోట పెట్టండి. రెండు మూడు అంగుళాల మందాన పొడి ఇసుక పోయండి. రోజుకు రెండుసార్లు ఎత్తేయండి. నిద్ర లేవగానే, తినగానే, ఆట అవగానే అందులో దింపండి. పాడుచేసిన చోట ఫినాయిలు వాడొద్దు. అందులోని ఫినాల్ పిల్లుల కాలేయం తట్టుకోలేదు, కాళ్లకు అంటింది నాక్కున్నా ప్రమాదమే. సబ్బునీళ్లతో వాసన పోయేదాకా కడగండి. ఇన్ని చేసినా టబ్బు బయటే పోస్తుంటే, లేదా టబ్బులో కూర్చుని ముక్కుతూ అరుస్తుంటే అది జబ్బు కావచ్చు. మగదై ఉండి మూత్రం ఆగిపోతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

మీ భర్తంటే ఎందుకంత భయం? మనుషుల మీద నమ్మకం పిల్లికూనకు సులువుగా కుదిరే కాలం రెండో వారం నుంచి ఏడో వారం దాకా. మీకు దొరికేసరికి ఆ కాలం చివరికొచ్చింది. ఆ తర్వాత దాన్ని ముట్టుకున్నది మీరొక్కరే. మనిషంటే మీరే అనుకుంటోంది, గట్టి గొంతు ఇంకేదో. ఇప్పటికీ నేర్చుకుంటుంది, కాకపోతే నిదానంగా. సందెవేళ తిండి గిన్నె మీ వారి చేత పెట్టించండి. ఆయన నేల మీద కూర్చోవాలి, పిలవకూడదు, ఎత్తుకోకూడదు, కళ్లల్లోకి తేరిపార చూడకూడదు. పిల్లి చూసినప్పుడు కళ్లు సగం వాల్చి, మెల్లగా మూసి తెరవాలి. ఇంగ్లండులో సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో దీన్ని పరీక్షించి చూశారు. అలా చేసిన మనిషి ఎదుట పిల్లులు కూడా కళ్లు మెల్లగా మూసి తెరిచాయి, కొత్తమనిషైనా దగ్గరికి రావడానికి ఎక్కువ ఇష్టపడ్డాయి. అత్తగారు ఒప్పుకుంటే పొద్దుటి గిన్నె ఆవిడ చేత పెట్టించండి. బలవంతం మాత్రం వద్దు.

నిద్రమత్తులో ఉన్నప్పుడు మీరు ముందు బుగ్గ, తర్వాత భుజం, కొన్నాళ్లకు పంజా, చెవి ముట్టుకోండి. ముట్టుకున్న ప్రతిసారీ చిటికెడు కోడిమాంసం. తోక కొస టపటపా కొట్టినా, చెవులు వెనక్కి వాల్చినా ఆపేయండి. ఇంకా మంచిది, అది విసుక్కోకముందే ఆపడం. ఇలా అలవాటైతే రేపు గోళ్లు కత్తిరించడం, మందు వేయడం యుద్ధం కాదు. గీరుకోవడానికి ఒక గుంజకు గోనెసంచి బిగించి చుట్టి, అది పడుకునే చోటు దగ్గర పెట్టండి.

బాబుకి "పిల్లిని ముట్టుకోకు" అని చెప్పి లాభం లేదు. వాడికో పని ఇవ్వండి. సాయంత్రం గుడ్డ కర్ర వాడిదే, మీరు పక్కన ఉన్నప్పుడు. ముద్దుచేయాలంటే కింద కూర్చుని వేలు చాపాలి, అది వచ్చి ముక్కు తగిలిస్తేనే నిమరాలి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, మంచం కింద ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. ఆ మంచం కింద చోటు దాని చోటు, అక్కడి నుంచి ఎవరూ లాగొద్దు.

ఆడపడుచు గురించి భయానికి ఆధారం ఉంది, కానీ భయపడుతున్నది వేరేదాని గురించి. పిల్లి బొచ్చు కడుపులోకి పోతుందన్న మాటలో నిజం లేదు. ప్రమాదం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవితో. అది సోకిన పిల్లి మలంలో కొన్నాళ్లు బయటికి వస్తుంది. వచ్చిన వెంటనే అంటదు, సోకే శక్తి దానికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కనుక టబ్బు రోజూ శుభ్రం చేయాలి, ఆ పని ఆవిడ చేయకూడదు. ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి పని చేసిన చేతుల వల్ల కూడా ఇది సోకుతుంది కాబట్టి ఇంట్లో పిల్లి లేకపోయినా ఆ జాగ్రత్తలు తప్పవు. పిల్లికి పచ్చిమాంసం పెట్టకండి, ఎలుకలు పట్టనివ్వకండి. ఆవిడ చూపించుకునే డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పమనండి.

ఇవన్నీ చూసుకున్నాక మీ ముందు మూడు దారులున్నాయి.

ఇంట్లోనే ఉంచుకుంటే పైన చెప్పిన వేళలు కనీసం కొన్ని నెలలు మీరు మోయాలి. భారం దాదాపు మీదే. పొలం పనో, పురిటి పనో పడితే ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. తలుపు, తిండి, టీకాల ఖర్చూ లెక్కలో పెట్టుకోండి.

పెరట్లో ఉంచి పూటపూటా తిండి పెట్టడం రెండోది. మన ఊళ్లలో ఎక్కువ పిల్లులు ఇలాగే బతుకుతాయి, మీ అత్తగారు దీనికి సులువుగా ఒప్పుకోవచ్చు. నూలు భద్రంగా ఉంటుంది. కానీ మూడు నెలల కూనకు కుక్కలు, బండ్లు, మందు తిన్న ఎలుకలు, ప్రతిదీ గండమే. వేటాడే పిల్లికి టాక్సోప్లాస్మా సోకే అవకాశమూ ఎక్కువే. ఈ దారి పట్టినా టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయ్యేదాకా లోపలే ఉంచమంటాను.

మూడోది, ఇష్టపడి పెంచే ఇంటికి ఇవ్వడం. దీన్ని మీ ఓటమి అనుకోవద్దు. ఆడపడుచు వచ్చాక ఇంట్లో రోజూ గొడవే అయ్యేలా ఉంటే పిల్లికి కూడా ఇదే నయం. అయితే ఇచ్చేది ఈ నెలలోనే ఇవ్వండి. ముందు వాళ్లను మీ ఇంటికి రమ్మని, రెండు మూడుసార్లు వాళ్ల చేత తినిపించి, దాని పక్కగుడ్డా అలవాటైన తిండీ ఇచ్చి పంపండి.

చేపల బజారును నేను దారిగా లెక్కపెట్టలేదు. మంచం కింద నుంచి రాని పిల్లి ఆ కుక్కల మధ్య బతకదు. ఆకలి దప్పులతో మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. మీ వారికి బాబు మీద ఉన్న భయమే ఆ మాట అనిపించింది. ఆసుపత్రికి ఆయన్నే తోడు తీసుకెళ్లండి, డాక్టరు చెప్పేది ఆయన చెవినే పడాలి.

నాకైతే మొదటి దారికి మీ ఇంట్లో అవకాశం ఉందనిపిస్తోంది, ఆ మెష్ తలుపు పడితేనే. అది కుదరదంటే మూడో దారి మేలు. ఆడపడుచు వచ్చేలోపు తేల్చుకోవాలి కాబట్టి, ఈ మూడు వారాలూ వేళలు పాటించి చూసి అత్తగారినే అడగండి, నూలు ఎన్నిసార్లు తెగిందని.

ఏ దారైనా పశువుల డాక్టరు దగ్గరికి ముందే వెళ్లాలి. మూత ఉన్న బుట్ట ఒకటి ఇప్పుడే గదిలో తెరిచి పెట్టి, రోజూ ఒక పూట అందులోనే తినిపించండి. అప్పుడు ప్రయాణం రోజున అదే ఎక్కుతుంది. నులిపురుగుల మందు, పిల్లుల జబ్బులకు వేసే టీకా, మూడు నెలలు నిండాయి కాబట్టి రేబిస్ టీకా, మళ్లీ ఎప్పుడు తేవాలో తేదీ, ఇవి అడగండి. మీ ఊరి పశువుల ఆసుపత్రిలో పిల్లులకు టీకాలు లేవంటే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, మీకు రైలు దారిలోనే. వెళ్లేముందు ఫోన్ చేసి ఏ రోజు చూస్తారో కనుక్కోండి. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ గానీ, కుక్కల పిడుదుల పొడి గానీ ఎవరు చెప్పినా వాడకండి, రెండూ పిల్లుల ప్రాణం తీస్తాయి. ఆడో మగో అక్కడే చెబుతారు. ఆడదైతే నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, చూలు నిలిస్తే తొమ్మిది వారాల్లో ఈనుతుంది. కాన్పు హడావిడిలో ఈ సంగతి మరుగున పడిపోతుంది కాబట్టి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో ఆ మొదటి రోజే అడిగి క్యాలెండరులో రాసుకోండి.